తొందరపెట్టిన కణాలు

“ఒక్క సూదికే ఇంత మూలుగా? నేను ఐదుగుర్ని కన్నాను తల్లీ!” అంది అత్తగారు కన్సింగ్, ఆసుపత్రి వరండాలో జావ క్యారేజీ కోడలి చేతిలో పెడుతూ.

మెర్లీటా క్యారేజీ అందుకుంది. నడుం ఎముకల్ని లోపలినుంచి ఎవరో దంచుతున్నట్టుంది. కీమోతో మరిది ఎర్నీకి తెల్లకణాలు అడుగంటిపోయాయి, ఊపిరితిత్తుల్లో ఫంగస్ చేరింది. ఫిలిప్పీన్స్‌లోని ఈ ఇలోయిలో ఊళ్లో రోగి మంచం పక్కన కాపలాకి ఇంటిమనిషి ఉండాలి, రక్తమూ ఇంటివాళ్లే చూసుకోవాలి. కాపలా మెర్లీటాయే, దాతా మెర్లీటాయే. పరీక్షల్లో ఆమె రక్తమూ భర్త రోడెల్ రక్తమూ రెండూ సరిపోయాయి. “నాకు సూదంటే కళ్లు తిరుగుతాయే. నువ్వెలాగూ అక్కడే ఉంటావుగా,” అన్నాడప్పుడు రోడెల్. ఇప్పుడు వరండా బెంచీ మీద కూర్చున్నాడు. మొన్న కణాలు పెంచే సూది వేయించుకుని ఆమె తెల్లకణాలిచ్చాక ఎర్నీ జ్వరం దిగింది. ఇవాళ మళ్లీ ఎక్కింది.

పొద్దున డాక్టరమ్మని అడిగింది, ఆ సూదితో వచ్చిన కణాలు సరిగ్గా పనిచేస్తాయా అని.

“చేస్తాయమ్మా. క్రిముల్ని మింగుతాయి, ఎక్కువసేపు బతుకుతాయి. కాకపోతే సూది తొందరపెడుతుంది కదా, పూర్తిగా ఎదగనివి కూడా ఎముక మజ్జలోంచి బయటికొచ్చేస్తాయి. వాటి కదలిక కాస్త నెమ్మది. కానీ ఆ సూదికి మీ కడుపులోని ప్లీహం ఉబ్బింది. ఈసారి వేరే దాత అయితే మేలు.”

ఎదగనివాటిని కూడా పనిలోకి తరిమేస్తుందన్నమాట! మెర్లీటాకి నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపొచ్చింది. పద్దెనిమిదేళ్లకి ఈ ఇంటి కోడలైంది. ఆ మరునాటి నుంచీ అందరి బట్టల చాకిరీ ఆమెదే, అందరి జ్వరాల కాపలా ఆమెదే. కానీ ఎర్నీ? “తిన్నావా వదినా?” అని అడిగేది వాడొక్కడే. తను కాదంటే వాడు పోతే? ఆ పాపం జన్మంతా తన నెత్తినే రుద్దుతారు.

నర్సు తలుపు తీసింది. “ఇవాళ సూదికి ఎవరొస్తున్నారు?”

“వెళ్లవే, నిలబడ్డావేం? బిడ్డ పోతాడు!” అత్తగారు వీపు మీద చెయ్యేసి నెట్టింది.

మెర్లీటా కదల్లేదు. “నేను కాదు. నా ప్లీహం ఉబ్బిందని డాక్టరమ్మే చెప్పారు. ఇదిగో, మా ఆయన. పరీక్షలూ అయ్యాయి,” అంది.

“నీకేమైనా పిచ్చా?” అన్నాడు రోడెల్.

“నీ తమ్ముడు,” అంది మెర్లీటా.

నర్సు తలుపు పట్టుకునే ఉంది. అత్తగారు కొడుకు వైపు చూసింది. రోడెల్ లేచాడు. రెండడుగులేసి, భార్య పక్కన ఆగి, గొంతు తగ్గించాడు.

“బాగా నొప్పిగా ఉంటుందా?”

పెళ్లయిన ఇన్నేళ్లలో అతను నొప్పి గురించి అడగడం అదే మొదటిసారి. అదీ తనకి రాబోయే నొప్పి గురించే.