మూడో చరణం పాడిందెవరు

తాను పాడని చరణాన్ని తన గొంతు పాడుతుండగా విన్నాడు ఎల్లేశం. సెల్‌ఫోన్‌ను చెవికి ఆనించుకొని మళ్లీ విన్నాడు. గొంతు తనదే. కానీ ఆదివారం సెంటినరీ కాలనీ కమ్యూనిటీ హాల్లో జరిగిన కచేరీలో మూడో చరణాన్ని అందుకున్నది జానపద దళంలో తనతో పాడే జైపాల్. అందుకున్నది కాదు, లాక్కున్నది. ఎత్తుగడలో తనకు రవంత ఊపిరి ఆడని మాట నిజమే. ఆ రవంతలోనే పక్కనున్న జైపాల్ పాటను ఎగరేసుకుపోయాడు. మరి రికార్డింగులో జైపాల్ ఏడీ?

ఇంకొకరైతే సంతోషించేవారు. ఎల్లేశం భూగర్భ గనిలో ముప్పై ఏళ్లు పనిచేసి, సర్దారుగా రిటైరైన మనిషి. కార్మికుల కంటే ముందు లోపలికి వెళ్లి, పైకప్పును కర్రతో తట్టి, చప్పుడును బట్టి అది గట్టిదో బోలుదో తేల్చి, రిపోర్టు పుస్తకంలో సంతకం పెట్టడం అతని పని. ఆ సంతకాన్ని నమ్మి మనుషులు లోపలికి నడిచేవారు. అలాంటి చెవికి ఈ చరణం బోలుగా వినిపించింది.

ఆ పాట హైదరాబాదులో జరగబోయే జానపద ఉత్సవానికి పంపవలసినది. దరఖాస్తులో ఒక షరతు ఉంది: కచేరీలో పాడినదే పంపాలి, వేరేచోట పాడి అతికించినది చెల్లదు. ఆ షరతు కింద సంతకం పెట్టవలసినవాడు దళానికి పెద్ద అయిన ఎల్లేశమే.

అక్కడినుంచి అతని ఆలోచన ముడి వెంట ముడి వేసుకుంటూ సాగింది. తాను సంతకం పెడతాడు. అతుకు బయటపడుతుంది. ఇన్నేళ్ల పేరు మట్టిలో కలుస్తుంది. అప్పుడు దళానికి కొత్త పెద్ద కావలసివస్తాడు. జైపాల్ తప్ప ఎవరున్నారు? నిన్న షిఫ్టు దిగి వస్తూ బండి ఆపి మరీ, "కాకా, సంతకం పెట్టినవా? జల్ది పంపాలె" అని అతడు ఎందుకు అడిగినట్టు?

భార్య అనసూర్య అన్నం వడ్డిస్తూ అన్నది: "పాట మంచిగొచ్చిందంట గదా. ఇంకా ఏం జూస్తున్నవ్?"

"మంచిగొచ్చిందని నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలో అన్నరు." ఆమె పొయ్యి వైపు తిరిగింది.

జైపాలే చెప్పి ఉంటాడని ఎల్లేశం ఇంకో ముడి వేసుకున్నాడు.

మరునాడు పొద్దున్నే జ్యోతినగర్ వెళ్లాడు. కచేరీని రికార్డు చేసిన పృథ్వీరాజ్ విద్యుత్కేంద్రంలో ఇంజనీరు. సెలవు రోజుల్లో ఇదే అతని వ్యాపకం.

"రండి అంకుల్. బాగా వచ్చింది కదా?"

"మంచిగనే వచ్చింది. గంత మంచిగ ఎవలు చేసిన్రో అడుగుదామని వచ్చిన."

పృథ్వీరాజ్ నవ్వి, ల్యాప్‌టాప్ తెరిచి, ప్లగిన్ల సంగతి ఎత్తుకున్నాడు. ఒక్కో మైకులో పడిన ధ్వని విడివిడిగా నిలవ ఉంటుంది. దాని మీద ఈ సాధనాలను తగిలించవచ్చు. ఒకటి ఫ్యాను రొదను తీసేస్తుంది, ఒకటి జారిన స్వరాన్ని దాని చోటులో నిలబెడుతుంది, ఇంకొకటి ఇరుకు గదిలో పాడినదానికి పెద్ద హాలు ప్రతిధ్వనిని కలుపుతుంది.

"ఆగు బాబూ. మనం పాడింది హాల్లనే గదా. ఇరుకు గది ముచ్చటెందుకొచ్చింది?"

పృథ్వీరాజ్ నవ్వు ఆగిపోయింది.

"ఆ ప్రతిధ్వని తీసెయ్. నా గొంతొక్కటే పెట్టు."

మూడో చరణం మళ్లీ మొదలైంది. దాని వెనక సన్నగా గోడగడియారం చప్పుడు. ఆ గడియారం ఎల్లేశం ఇంటి ముందుగదిలోది. కచేరీకి వారం ముందు రిహార్సల్‌ను అక్కడే రికార్డు చేశారు.

"జైపాల్ చెయ్యమన్నడా?"

"ఆయనకు తెలియదు అంకుల్. ఆంటీ వచ్చారు, సోమవారం, ఆటోలో. మీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నారు."

ఎల్లేశం నమ్మలేదు. దొరికిపోయినవాడు ఎవరి పేరైనా చెబుతాడు. "హాల్ల పాడింది పెట్టు. ఒక్కటి గూడ తియ్యకుండ, ఒక్కటి గూడ కలపకుండ."

పృథ్వీరాజ్ ప్లగిన్లన్నీ ఆపాడు. ఎత్తుగడ వినిపించింది, వెంటనే రొమ్ములో పిల్లికూతలు, ఆ తరువాత దగ్గు. గొంతు లేకుండా డప్పు ఒక్కటే మోగుతూ ఉంది. అంతలో మైకు దగ్గర ఎవరో లోగొంతుతో అన్నారు: "కాకా, ఊపిరి తీస్కో. ఫికర్ జెయ్యకు, నేనందుకుంట." ఆ మాట వెనకే జైపాల్ పాట లేచింది.

"నడుమ ఎంతసేపు ఆగింది?"

"తొమ్మిది సెకన్లు."

"నీ మిషిన్ తప్పు జూపిస్తలేదు గదా?"

"లేదంకుల్."

ఇంటికి వచ్చేసరికి అనసూర్య బియ్యం చెరుగుతోంది. అతని ముఖం చూసి చాటను పక్కన పెట్టింది.

"ఆ ఇంజనీరు తాన్కి నేనే పోయిన," అన్నది అడగకముందే. "ఆ తొమ్మిది సెకన్లు హాల్లున్నోళ్లందరు జూసిన్రు. నీకొక్కనికే తెల్వది. పాట గూడ పోతే పొద్దంత ఏంజేస్తవ్? గోడలు తట్టుకుంట కూసుంటవా?"

"బోలు కప్పును గట్టిదని నేనెన్నడన్న రాసిన్నా?"

"ఇది గని గాదు."

"సంతకం నాదే గదా."

రిపోర్టు పుస్తకంలో రాసే ఆ గుండ్రని అక్షరాలతోనే అతను దరఖాస్తు నింపాడు. మొదటి రెండు చరణాలకు తన పేరు, మూడో చరణానికి జైపాల్ పేరు రాసి సంతకం పెట్టాడు. పృథ్వీరాజ్‌కు ఫోన్ చేసి హాల్లో పాడినదే పంపమన్నాడు.

"దగ్గు ఒక్కటైనా తీసెయ్యనా అంకుల్? అట్లా పంపితే తీసుకోరేమో."

"ఉండనియ్. తీసుకోకుంటే మానె."

ఫోన్ పెట్టి, రెండు వేళ్లతో రొమ్ము మీద తట్టుకున్నాడు. "ఇటు రా. చెవి పెట్టి జూడు."

అనసూర్య చాలాసేపు విన్నది. లేచి, బియ్యం డబ్బా వెనకనుంచి దవాఖాన చీటీ తీసి ఇచ్చింది. దాని మీద అతని పేరు, రొమ్ము డాక్టరుకు చూపించుకోవలసిన రేపటి తేదీ ఉన్నాయి. చీటీ రాయించింది సోమవారం.

ఎల్లేశం ఆ రాయించిన తేదీని రెండుసార్లు చదివాడు. "సోమవారం నీ ఆటో ఇంకా ఎక్కడెక్కడికి పోయింది?"

"ముందు బువ్వ తిను," అన్నది అనసూర్య. "పొద్దుగాల్నే పోవాలె."