గాజింటి వెనక తలుపు

“ఇక మీరు హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు, మిసెస్ గార్సైడ్,” అన్నాడు ఎస్టేటు ఏజెంటు లాంగ్‌స్టాఫ్. అప్పుడు నేను పొయ్యిలో బూడిద ఎత్తుతున్నాను. యుద్ధం అయిపోయింది, మగవాళ్ళు తిరిగొచ్చారు, నా సేవకు దొరసాని ఎంతో సంతోషించిందట. హాయిగా అట! ఇంట్లో హాయి ఏ మూల ఉందో ఈయనకెవరు చెప్పారో. ఉతుకుడు, వంట, కోళ్ళు, మంచం దిగని అత్తగారు, ఇవన్నీ ముగించుకునే కదా నాలుగేళ్ళూ ఆ గోడల తోటలోకి పరిగెత్తాను.

నా భర్త ఈనక్ ఆ తోటకి పెద్దమాలి. చుట్టూ రెండు నిలువుల ఇటుక గోడ, ఎండ పడే గోడకి ఆనించి కట్టిన గాజిల్లు, అందులో నల్లద్రాక్ష. జూన్ వచ్చిందంటే గుత్తిలో సగానికి పైగా పిందెల్ని కత్తెరతో తీసేయాలి. తీయకపోతే ఒకదాన్నొకటి నొక్కుకుని లోపలే కుళ్ళుతాయి. చెయ్యి తగలకూడదు, తల వెంట్రుక కూడా తగలకూడదు. తగిలితే కాయ మీది తెల్లటి పొడి చెరిగి మచ్చ పడుతుంది. ఒక చేత్తో పుల్ల పట్టి గుత్తిని లేపుతూ రెండో చేత్తో కత్తిరించాలి. పది రోజులు దాటితే ఇక కత్తెర దూరదు. పెళ్ళైన యేడే తెలిసింది, ఈనక్‌కి దగ్గరి చూపు ఆనదని. “కొంచెం సాయం చెయ్యి డోర్కస్,” అన్నాడు. ఆ కొంచెం పందొమ్మిదేళ్ళు సాగింది. యుద్ధానికి ముందు, మిగతా పనివాళ్ళు రాకముందే, వెనక తలుపులోంచి దొంగలా వెళ్ళొచ్చేదాన్ని. “మా గార్సైడ్ చేతిలో ఏదో మహిమ ఉంది,” అని దొరసాని అతిథులకి చెబుతుంటే ఆయన టోపీ తీసి వంగేవాడు. “వాడికి పేరొస్తే నీకు రానట్టా?” అనేది అత్తగారు. యుద్ధం జరిగిన నాలుగేళ్ళు మాత్రం, మగవాళ్ళ బదులు జీతానికి, ముందు గేటులోంచి, అందరూ చూస్తుండగా వెళ్ళాను. దానికి అలవాటు పడ్డాను. తప్పా?

ఏజెంటు వచ్చిపోయిన వారానికి, టీ తాగుతూ ఈనక్ తల ఎత్తకుండానే అన్నాడు:

“రేపు గుత్తులు మొదలెట్టాలి. ఐదింటికి వచ్చెయ్. వెనక తలుపు తీసుంచుతా.”

“నన్ను మానిపించారుగా.”

“మానిపించింది ఉద్యోగంలోంచి. ఇది మనింటి పనిలాంటిదే కదా.”

“ఇంటి పనైతే ఇంటికి తెచ్చుకో, చేసిపెడతా.”

“వెటకారమా?”

“కాదు. పదింటికి, అందరూ ఉన్నప్పుడు, ముందు గేటులోంచి వస్తా. ద్రాక్ష పని మా ఆవిడది అని లాంగ్‌స్టాఫ్‌తో ఒక్క మాట చెప్పు చాలు.”

“మరి నా పరువేం కావాలి?”

చూశారా, దెబ్బ ఎక్కడ తగిలిందో! పందొమ్మిది జూన్లు తల పైకెత్తి పనిచేసి నా మెడ పట్టేస్తే, గోరువెచ్చటి నూనె కూడా నేనే రాసుకున్నాను. అప్పుడు ఆ పరువు ఎక్కడ పడుకుందో. ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు, గిన్నెలు తీసి కడుక్కున్నాను.

మర్నాడు ఐదింటికే మెలకువ వచ్చింది. లేవకుండా ఉండటానికి మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాను. అబద్ధమెందుకు, ఆ తీగలంటే నాకు ప్రాణం. రెండో రోజూ అంతే. మూడో రోజు అత్తగారు లోపలి నుంచి అందుకుంది.

“మొగుణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేస్తావుటే?”

“ఒక్క మాట చెప్పమన్నానత్తయ్యా, ఉరేసుకోమనలేదు.”

పది రోజులూ ఎదురుచూశాను. చెబుతాడనే అనుకున్నాను. చెప్పలేదు. కత్తెర తీసుకుని తనే నిచ్చెనెక్కాడు.

ఆగస్టులో జిల్లా పండ్ల ప్రదర్శనకి ఎప్పటిలా మా ద్రాక్ష పంపమని దొరసాని హుకుం. పంపక తప్పలేదు. నేనూ వెళ్ళాను. అక్కడి గుడారంలో బల్ల మీద గుత్తులు ఒకదాన్నొకటి నలిపేసుకుని ఉన్నాయి, నడుమ బూజు, పై కాయల నిండా వేలిముద్రలు. దొరసాని ఒక్క చూపు చూసి వెళ్ళిపోయింది. ఈనక్ చెవులదాకా ఎర్రబడి నిలబడ్డాడు. పక్క ఎస్టేటు పెద్దమాలి మంచి మనిషి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

“ఏమైందమ్మా ఈసారి మీ ఆయనకి? ఒంట్లో బాగాలేదా?”

ఈనక్ నావైపే చూస్తున్నాడు.

“బాగానే ఉన్నాడండీ,” అన్నాను అందరికీ వినపడేలా. “ఈ యేడు ఆయనే చేశాడు.”