ఇల్లరికం పోయిన తిప్పతీగ

తాండూరులో రాజేందర్‌ది నాపరాళ్ళ పాలిష్ యూనిట్. రాయి నాపరాయే గానీ, ఆ మనిషికి మాత్రం నా, పరాయి అన్న తేడా లేదు. కరోనా కాలంలో యూనిట్ ప్రహరీ మీది తిప్పతీగను చూసి ఎవరు ఆగినా, "కషాయం పెట్టుకోండ్రి, బండెడు బలమొస్తది" అంటూ జానెడు కొమ్మ విరిచి చేతిలో పెట్టేవాడు. వికారాబాద్ చుట్టాలు, మోమిన్‌పేట్ స్నేహితులు, రాళ్ళ లోడుకు వచ్చిన డ్రైవర్లు, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఇచ్చాడు. గుచ్చితే చాలు, బతికేసే జాతి అది. ఇచ్చీ ఇచ్చీ ఆయన 'తిప్పతీగ రాజేందర్' అయిపోయాడు.

అందుకే చెల్లెలి బిడ్డ నిరోషా ఫోన్ చేసి, "మామా, నాకు తిప్పతీగ పండ్లు కావాలె" అంటే పకపకా నవ్వాడు.

"పండ్లా? గంప తెచ్చుకో కోడలు పిల్లా!"

నిరోషా యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. తిప్పతీగ గింజ ఎట్లా కడుతుంది, ఆ పండులో, గింజలో క్యాన్సర్ కణాలను నిలువరించే గుణం ఏమైనా ఉందా అన్నది ఆమె ప్రశ్న. కాడను ఇప్పటికే చాలామంది పరీక్షించారు, పండు జోలికి వెళ్ళినవాళ్ళు తక్కువ. ఈ వేసవిలో పండ్లు చేతికి రాకపోతే వేరే విషయం చూసుకోమని గైడు చెప్పేశాడు.

నిరోషా బ్యాగుతో దిగేసరికి తీగ నిండా ఆకుపచ్చ, పసుపు కలిసిన చిన్న పూలు. పండు మాత్రం మందుకు కూడా లేదు.

"ఇన్నేండ్ల సంది బట్టలారేస్తున్న గా గోడ మీద. ఒక్క పండు కానరాలె నాకు," అంది రాజేందర్ భార్య కృపారాణి.

"నువ్వు బట్టలు చూసినవ్, పండ్లు చూడలె. జర ఆగుండ్రి," అన్నాడు రాజేందర్.

మేకల పెంట తెచ్చి వేశాడు, పైపు పెట్టి నీళ్ళు పట్టాడు. పూసిన పూలు పూసినట్టే రాలిపోయాయి. కాయ లేదు గానీ కాయకష్టం దండిగా మిగిలింది. చివరికి నిరోషా ఒక పూగుత్తి తెంపి, భూతద్దం పెట్టి చూసి, నుదురు కొట్టుకుంది.

"మామా, నీ తీగ మొగది."

రాజేందర్ చెయ్యి తనంతట తానే మీసం మీదికి పోయింది.

"మీసం తర్వాత తిప్పు," అంది కృపారాణి. "మొగోడు నీళ్ళోసుకునుడు యాడనన్న చూసినవా?"

నిరోషా విడమరిచి చెప్పింది. తిప్పతీగలో ఆడది వేరు, మగది వేరు. మగ పువ్వులోని పుప్పొడి ఆడ పువ్వును చేరితేనే కాయ. రాజేందర్ తీగకు మొగ్గలన్నీ మొగవే.

"గింతేనా? ఊరూరా నా తీగలే ఉన్నయి. అండ్ల ఒక ఆడపిల్ల దొరకదా? పా, పెండ్లిచూపులకు పోదాం!"

బండి మీద మామా కోడలూ బయల్దేరారు. వికారాబాద్‌లో చుట్టం అనంతయ్య ఇంటి మేడ నిండా తీగే. నిరోషా పూలు చూసింది, మగ. "ఏడికెళ్ళి తెచ్చిన్రు పెదనాయనా?" అంటే, "మీ మామనే ఇచ్చిండు," అన్నాడాయన. మోమిన్‌పేట్‌లో స్నేహితుడు బాల్‌రాజ్ దొడ్డీ అంతే. "రాజన్నా, నీదే గదనే!" అన్నాడతను. కొమ్మంటే ఆడమనిషి అని పాత పద్యాలు ఎంత మొత్తుకున్నా, రాజేందర్ పంచిన కొమ్మల్లో ఒక్క ఆడదీ లేదు. ఉండదు కూడా. ఒకే మగతీగను ముక్కలు చేసి జిల్లా అంతా నాటాడు మహానుభావుడు. కుదురే ఒకటైనప్పుడు సంబంధం ఎట్లా కుదురుతుంది?

అయినా ఆయన నోరు ఆగలేదు. "గిది క్యాన్సర్‌ను ఖతం చేస్తది అన్నా! మా కోడలు పిల్లనే కనిపెట్టింది," అన్నాడు బాల్‌రాజ్‌తో.

నిరోషా అదిరిపడింది. "ఏం కనిపెట్టలె మామా! గాజు పళ్ళెంల క్యాన్సర్ కణాల మీద దీని రసం పోస్తే, కొన్ని పెరుగుడు ఆగిందంట. పళ్ళెం వేరు, పాణమున్న మనిషి వేరు. నీ మాట ఇని ఎవరన్న దవాఖాన బంద్ వెడితే ఎట్ల?"

రాజేందర్ నాలిక కరుచుకున్నాడు. అనంతగిరి అడవిలో ఆడతీగ ఉంటే ఉండవచ్చు గానీ, అక్కడ తెంపడానికి అనుమతి కావాలి. అది వచ్చేలోపు పూత పోతుంది. తిరుగుదారిలో వెనక కూర్చున్న నిరోషా రాజేందర్ వీపుకు బండరాయంత బరువుగా తోచింది. పిల్ల చదువుకు తన దానమే అడ్డం పడ్డట్టయింది.

ఇంటికి రాగానే తెలిసిన నంబర్లన్నిటికీ ఫోన్లు కలిపాడు. "తిప్పతీగ ఉన్నదా? నేనిచ్చింది కాదు గదా?" ఆయన ఇవ్వనిది ఒక్కచోటే తేలింది. బషీరాబాద్‌లో, గొర్లు మేపే శంకరమ్మ దొడ్డిలో.

మర్నాడు పొద్దున్నే వెళ్ళారు. వేపచెట్టు మీద తీగ నిండుగా పూసి ఉంది. నిరోషా పువ్వు మధ్యలో కాయ కట్టే మూడు బుడిపెలు చూసి ఎగిరి గంతేసింది. "ఆడది మామా, ఆడది!"

"కర్ణాటకల మా అమ్మగారింటికెళ్ళి తెచ్చుకున్న," అంది శంకరమ్మ. "పూస్తది, కాయదు. అందరు గొడ్డుదంటరు. కొట్టెయ్యమంటరు. నాకే పాణమొప్పలె."

"దాంట్ల లోపం లేదు పెద్దమ్మా. చుట్టుపక్కల మొగతీగ లేదు, అంతే," అంది నిరోషా.

శంకరమ్మ తీగ వంక చూసి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

రాజేందర్ గొంతు సవరించాడు. "అక్కా, ఒక కొమ్మ ఇయ్యి. తాండూరుల మా గోడకు పాకిస్త, జంట అయితది."

"పూతల ఉన్న పిల్లను గడప దాటిస్తనా? మీ పిలగాడినే తీస్కరా."

"అంటే... ఇల్లరికమా? జిల్లా మొత్తం వంశం ఉన్న తీగనే నాది!"

"వంశమున్నది, సంతానమేది?" అంది శంకరమ్మ.

నిరోషా మామ మొహంలోకి చూసింది. రాజేందర్ ఒక్క నిమిషం మీసం నమిలాడు. "సరే అక్కా. అల్లుకునేటోడు అల్లుడేనాయె. తెస్త."

అప్పటికప్పుడు తాండూరు పోయి, విచ్చిన పూల కొమ్మలను తడి తువ్వాలలో చుట్టి ఆగకుండా తెచ్చాడు. నిరోషా సన్న కుంచెతో పుప్పొడి తీసి ఒక్కొక్క ఆడ పువ్వుకూ అద్దింది. శంకరమ్మ ఊరుకోలేదు, తీగ మొదట్లో పసుపు, కుంకుమ పెట్టి రాజేందర్ చేత కొబ్బరికాయ కొట్టించింది.

రోజులు గడిచేకొద్దీ పచ్చటి పిందెలు కనబడ్డాయి. రాజేందర్ యూనిట్ వదిలేసి బషీరాబాద్ చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. పిట్టలు పొడుస్తాయని కృపారాణి పాత చీర తెచ్చి కప్పాడు. "నా చీర తీగకు వెట్టిండు. నాకు మాత్రం పండుగకు కూడ వెట్టడు," అని ఆమె ఫోన్లో నిరోషాకు ఫిర్యాదు చేసింది.

పండ్లు ఎర్రగా నిగనిగలాడిన రోజు నిరోషా కాగితపు సంచులతో వచ్చింది. శంకరమ్మ సంచులు పక్కకు నెట్టింది. "తొలి కాన్పు ఇది. ఒడి పట్టు బిడ్డా."

నిరోషా చున్నీ పరిచింది. శంకరమ్మ గుప్పెడు బియ్యం వేసి, మీద ఎర్రటి పండ్లు పోసింది. కొన్ని పండ్లు తన దగ్గర ఉంచుకుని, "గివి తింటె నా మోకాళ్ళ నొప్పులు పోతయా?" అని అడిగింది.

రాజేందర్ నోరు తెరిచాడు. నిరోషా ఒక్క చూపు చూసింది. మూసుకున్నాడు.

"తెల్వదు పెద్దమ్మా," అంది నిరోషా. "గది తెల్సుకునుడే నా పని. నేను చెప్పేదాక తినకు."

"అయితె ఇంక నిలవడ్డవేంది?" అంది శంకరమ్మ, ఆ పండ్లను కూడా ఆమె ఒడిలోనే వేస్తూ. "పో, జల్ది తెల్సుకో."