ఓడ ప్రయాణానికి దరఖాస్తు

1972 మే పదిహేను, సోమవారం. శృంగవరపుకోట దాటగానే ఇడ్లీలు, కొబ్బరి పచ్చడి. చిమిడిపల్లిలో పులిహోర, వేయించిన వడియాలు. ఆ తర్వాత ఎవరో గోనెలో తెచ్చిన పనసపండు. దాన్ని రైలు పెట్టెలో సగం మంది తిన్నారు.

సుందర్ రాజ్‌కి ప్రయాణాలన్నీ ఇలాగే గుర్తుంటాయి, తారీఖు, తిండి. చూడ్డానికి వెళ్ళిన గుహలూ తోటలూ మసకబారిపోయాయి గానీ ఆ పనసతొనల జిగురు మాత్రం ఇప్పటికీ వేళ్ళకి అంటుకున్నట్టే ఉంటుంది.

ఆ రోజు కిరండూల్ పాసింజరు చిమిడిపల్లిలో గంటన్నర ఆగిపోయింది. ఒంటి లైను. కొండ మీంచి ఇనపరాయి నింపుకుని దిగుతున్న గూడ్సుకి దారి ఇవ్వాలి. ఆ రాయి చేరేది విశాఖపట్నం పోర్టుకి, ఎక్కేది జపాను ఓడలోకి, ఆ ఓడ పేరు రిజిస్టర్లో రాసేది సుందర్ రాజ్.

గూడ్సు దడదడమంటూ పక్కనుంచి పోతుంటే జయశీల కిటికీలోంచి తల లోపలికి తీసుకుంది.

"ఏవండీ, సెలవు పెట్టి వచ్చినా మీ ఆఫీసు ఊరుకోలేదు చూడండి. ఎదురొచ్చేసింది."

పన్నెండేళ్ళ దీవెన పడీ పడీ నవ్వింది. ఎదుటి బల్ల మీది ముసలాయన కూడా నవ్వాడు. అంతే, జయశీలకి సందు దొరికింది. ఆయన పేరేమిటి, ఏ ఊరు, కొడుకులెంతమంది అని మొదలుపెట్టి పులిహోర డబ్బా మూత తీసింది. గంటన్నర గడిచేసరికి పెట్టెలో ఎవరు పెళ్ళిచూపులకి వెళ్తున్నారో, ఎవరు కోర్టు పనికి వెళ్తున్నారో ఆమెకి తెలిసిపోయింది. సుందర్ రాజ్ మాత్రం ఒక మూల కూర్చుని, చొక్కా లోపలి జేబులో టిక్కెట్లు ఉన్నాయా లేదా అని స్టేషను స్టేషనుకీ తడుముకున్నాడు.

అన్ని ప్రయాణాల్లోనూ అంతే. 1976లో ఊటీ. కొండ రైల్లో, ఒక్క అరవ ముక్క రాకపోయినా, ఆవకాయ ఇచ్చి పెరుగన్నం పుచ్చుకుని ఎవరో ఇల్లాలితో అక్కాచెల్లెళ్ళ వరస కలిపేసింది జయశీల. 1981లో కన్యాకుమారి. అక్కడ చల్లారిపోయిన ఉప్మా తిని, ముగ్గురూ రాళ్ళ మీద కూర్చుని పొద్దు గుంకడం చూశారు. అప్పుడే ఆమె అడిగింది.

"నేల అయిపోయింది. ఇంక ఓడే కదా ఎక్కాలి?"

"పోర్ట్‌బ్లెయిర్ వెళ్దాం. మన పోర్టు నుంచే వెళ్తుంది" అన్నాడతను.

"రోజూ ఓడల పేర్లు రాస్తారు. ఒక్కసారైనా ఎక్కారా మీరు?"

ఎక్కలేదు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో జెట్టీ మీద నుంచుని చూడ్డమే. బి.ఎ. చదివి ఆ కుర్చీలో కూర్చున్నాడు. వచ్చిన ఓడ, వెళ్ళిన ఓడ, ఏ దేశపుది, ఏ వేళకి లంగరెత్తింది, అన్నీ రాశాడు. అండమాన్ ఓడ మూడు నాలుగు నెలలకోసారి వచ్చేది. ట్రంకు పెట్టెలూ కోళ్ళ గంపలూ పట్టుకుని జనం నిచ్చెన ఎక్కుతుంటే, ఆ రోజు భోజనం వేళ అటు నడిచి వెళ్ళి కాసేపు చూసి వచ్చేవాడు.

కన్యాకుమారి నుంచి వచ్చిన రెండేళ్ళకి, 83 ఆగస్టులో, జయశీల పోయింది. పదకొండు రోజులు ఆసుపత్రి, అంతే.

ఇప్పుడు 85 నవంబరు. సాలిగ్రామపురంలో పోర్టు వారిచ్చిన రెండు గదుల క్వార్టరులో సుందర్ రాజ్ ఒక్కడూ ఉంటున్నాడు. దీవెన తగరపువలస స్కూల్లో టీచరు. ఆదివారం చర్చికి వస్తుంది, మధ్యాహ్నం భోజనం చేసి మొగుడితో సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతుంది. మిగతా ఆరు రోజులూ అతను ఇంట్లో మాట్లాడే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అలాగని లోకం అతన్ని పూర్తిగా వదిలేయలేదు. పాలు పోసే పోతమ్మ గిన్నె నిండాక ఇంకో చుక్క వంచి, "కాఫీకి బాబూ" అంటుంది. అడగకుండానే. ఆ చుక్కకి అతను రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాడు.

మార్చిలో రిటైరవుతాడు. నాలుగేళ్ళకోసారి దేశంలో ఎక్కడికైనా వెళ్ళి రావడానికి ఆఫీసు ఇచ్చే ప్రయాణపు వసతి ఈ డిసెంబరుతో చెల్లిపోతుంది. అది అతనికి ఆఖరిది. అండమాన్ ఓడ డిసెంబరు పద్ధెనిమిదిన బయల్దేరుతుందని నోటీసు వచ్చిన రోజు మధ్యాహ్నమే ఫారం తెచ్చుకుని, 81లో పెట్టిన దరఖాస్తు నకలు ముందు పెట్టుకుని, గబగబా నింపి ఇచ్చేశాడు. ఇచ్చిన దగ్గర్నుంచీ భయం. మూడు రోజులు నీళ్ళ మీద, ముక్కూ మొహం తెలియని జనం మధ్య. తను ఎవరితో మొదలుపెడతాడు మాట? ఎలా మొదలుపెడతారు అసలు? ఎప్పుడూ ఆ పని తనది కాదు.

గురువారం సాయంత్రం ఏడింటికి తలుపు చప్పుడైంది. తీస్తే శ్రీరామ్మూర్తి, ఓ చేతిలో మూడు గిన్నెల కేరేజీ, చంకలో కాగితాల అట్ట. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో గుమాస్తా. ముప్పై ఏళ్ళ కిందట, పెళ్ళిళ్ళు కాకముందు, ఒకే గదిలో అద్దెకున్న నాటి నుంచీ ఇద్దరికీ బావా అంటే బావా. ఒకడు చర్చికీ, ఒకడు సింహాచలానికీ వెళ్తారన్నది ఆ వరసకి ఎప్పుడూ అడ్డం రాలేదు.

"ఏటి బావా, సీకట్లో కూకున్నావు? కరెంటోడికి సుట్టమా నువ్వు?"

"లైటు వేద్దామనే లేచాను. రా."

"మీ సెల్లెలు సేపల పులుసు ఎక్కువొండీసిందట. ఇంటిల్లిపాదీ తిన్నా మిగిలిపోయిందట. మూడు వారాల్నించీ సూత్తన్నాను, గురువారం గురువారం మా ఇంట్లో ఎక్కువైపోతాది."

శ్రీరామ్మూర్తి భార్య ఆదిలక్ష్మమ్మ కొలతలు తప్పే మనిషి కాదని ఇద్దరికీ తెలుసు. సుందర్ రాజ్ కేరేజీ అందుకుని గట్టు మీద పెట్టాడు. శ్రీరామ్మూర్తి కుర్చీలో కూర్చున్నాడు గానీ, వచ్చిన పని మొదలుపెట్టకుండా ఫ్యాను వైపు చూశాడు, గోడ కేలండరు వైపు చూశాడు, గాజువాక రోడ్డులో స్టీలు ప్లాంటు లారీలు లేపుతున్న దుమ్ము గురించి తిట్టాడు.

"ఏమిటో చెప్పు శ్రీరామ్మూర్తీ" అన్నాడు సుందర్ రాజ్.

శ్రీరామ్మూర్తి అట్టలోంచి ఫారం తీసి బల్ల మీద పెట్టాడు.

"సెక్షన్లో ఇంకెవులూ సూణ్ణేదు. నాకంటే నాకే పడ్డాది. ఆరో కాలం ఓపాలి సూడు బావా."

ఆరో కాలం, ప్రయాణం చేయు కుటుంబ సభ్యులు. సుందర్ రాజ్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. ముత్యాల్లాంటి తన రాత. ఒకటి, జి. సుందర్ రాజ్, స్వయం, 57. రెండు, జి. జయశీల, భార్య, 52. మొత్తం, ఇద్దరు.

కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని అదే వరస చదివాడు.

"పాతది సూసి ఎక్కించీసినావు. అవుతాది, ఎవులికైనా అవుతాది" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"పాతదాంట్లో నలభై ఎనిమిది ఉంది."

"ఆఁ?"

"పాతది చూసే రాశాను. కానీ పెళ్ళయిపోయిందని దీవెన పేరు వదిలేశాను, ఆవిడ వయసుకి నాలుగేళ్ళు కలిపాను. యాభై రెండు. ఈ సెప్టెంబరుకి సరిగ్గా యాభై రెండే. కలిపేటప్పుడైనా తెలియలేదే నాకు."

శ్రీరామ్మూర్తి తల వంచుకుని చెప్పుల వైపు చూశాడు. జేబులోంచి పెన్ను తీసి ఫారం పక్కన పెట్టాడు.

"రేపు పదింటికి పైకెల్లిపోవాల. ఓడకి రేపే పేర్లు పంపుతారు. నువ్వు ఆ పేరు కొట్టీసి పక్కన సంతకం పెట్టీ. ఆ 'ఇద్దరు' కాడ కూడా. నాను కొట్టకూడదు కదా. రాసినోడే కొట్టాల."

సుందర్ రాజ్ పెన్ను తీసుకున్నాడు. మూత తీశాడు. ఆ పేరు మీద పాళీ పెట్టబోయి, ఆగాడు. చర్చి రిజిస్టర్లో కొట్టేశారు, రేషన్ కార్డులో కొట్టేశారు. వాటిల్లో ఎవరో కొట్టేశారు. పాస్టరో, గుమాస్తానో. తను పక్కన నుంచున్నాడు, అంతే. అతని చేత్తో ఇంతవరకూ ఎక్కడా కొట్టలేదు.

మూత పెట్టేశాడు.

"ఉండనీ బావా. వెళ్ళను. నా దరఖాస్తు నేను వాపసు తీసుకున్నానని రాసిస్తాను."

"ఏటి?"

"ఒక్కణ్ణే వెళ్ళి ఏం చేస్తాను అక్కడ? ఓడలో మూడు రోజులు ఎవరితో మాట్లాడను? నీకు తెలుసు కదా నా సంగతి. రైల్లో మంచినీళ్ళు కావాలన్నా ఆవిడే అడిగేది."

శ్రీరామ్మూర్తికి కోపం వచ్చింది. కోపం వస్తే అతని మాట ఇంకా వేగం అయిపోతుంది.

"ముప్పై రెండేల్లు ఓడల పేర్లు రాసీసి, ఓడ కడుపులో ఏటుంటాదో తెల్దు నీకు. రేపు నా మనవలు అడిగితే ఏటి సెప్పాలి? మీ తాతకి బావ ఒకడున్నాడ్రా, జెట్టీ మీద నించోని సెయ్యూపుతాడు అని సెప్పాలా? మాటాడక్కర్నేదురా బాబూ! ఆ ఓడ నిండా మన శ్రీకాకుళపోల్లే. నువ్వు నోరిప్పకపోయినా నీ ముందూ ఎనకా అడిగీసి, నీ గోత్రం కూడా సెప్పించీగల్రు."

"మాకు గోత్రాలు లేవు."

"నేకపోతే కొత్తది పెట్టి పంపుతారు!"

సుందర్ రాజ్‌కి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే కళ్ళు తడి అయ్యాయి. శ్రీరామ్మూర్తి అది చూడనట్టు అట్ట విప్పి, అడుగునుంచి ఇంకో కాగితం తీశాడు. ఖాళీ ఫారం.

"ఇది కూడా తెచ్చినాను. నీకు కొట్టబుద్ధి కాదని మీ సెల్లెలు ముందే సెప్పినాది. ఆ పాతది సింపీసి, కొత్తది రాసీ. ఒక్క పేరే రాసీ. కొట్టీడం గొడవుండదు."

దయగల ఆలోచన. సుందర్ రాజ్ రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఖాళీ ఫారంలో ఆరో కాలం తెల్లగా ఉంది. అందులో ఒకటి అని అంకె వేసి తన పేరు రాస్తే, కింద గీతలన్నీ ఖాళీగా ఉండిపోతాయి. ఎవరు చూసినా, ఈ మనిషి మొదటి నుంచీ ఒక్కడే అనుకుంటారు.

పోర్టు ఆఫీసు రిజిస్టర్లకి ఒక పద్ధతి ఉంది. పొరపాటు రాస్తే గీకకూడదు, దిద్దకూడదు, సిరా పులమకూడదు. ఒక్క గీత, సన్నగా. కింద ఏం రాసి ఉందో ఎప్పటికైనా చదవడానికి వీలుండాలి. కొత్తగా చేరినవాళ్ళ చేతులు పట్టుకుని ఎంతమందికి నేర్పాడో అతను. ఓడ రాలేదని తెలిసినా, రాసిన పేరు రిజిస్టర్లోనే ఉంటుంది, గీత కింద.

"నీ దగ్గర స్కేలుందా?" అన్నాడు.

శ్రీరామ్మూర్తి అట్టలోంచి చెక్క స్కేలు తీసి ఇచ్చి, మంచినీళ్ళు తాగొస్తానని వంటింట్లోకి వెళ్ళాడు. కుండ మూత తీసిన చప్పుడు వినిపించింది. గ్లాసు చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించలేదు.

సుందర్ రాజ్ స్కేలు ఆనించాడు. పాళీని తేలిగ్గా పట్టుకుని, ఎడమ నుంచి కుడికి, ఒక్క గీత గీశాడు. అలవాటైన చేయి. జి. జయశీల, భార్య, 52. గీత కింద ప్రతి అక్షరమూ కనిపిస్తూనే ఉంది. పక్కన పొట్టి సంతకం చేశాడు. కిందికి వచ్చి 'ఇద్దరు' మీద ఇంకో గీత గీశాడు, పైన 'ఒక్కరు' అని రాశాడు. ఆ రెండో దానికే కాస్త ఎక్కువ సేపు పట్టింది.

శ్రీరామ్మూర్తి మూతి తుడుచుకుంటూ వచ్చి కాగితం ఎత్తి దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు. గీతనీ, గీత కింద పేరునీ చూశాడు.

"బాగున్నాది. ఇలగే పంపుతాను" అన్నాడు. ఖాళీ ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆ పైఅంతస్తు కుర్రాఫీసరు అడిగితే నాను సెప్పుకుంటాన్లే."

"ఏమని?"

"మా సెల్లెలు మనసు మార్సుకున్నాదని."

ఇద్దరూ అరుగు మీదికి వచ్చారు. శ్రీరామ్మూర్తి సైకిలు స్టాండు తీసి, అట్టని వెనక కేరియరుకి తాడుతో బిగించి, మళ్ళీ ఒకసారి లాగి చూసుకున్నాడు.

"సముద్రంలో వాంతులవుతాయంట. నిమ్మకాయలు పట్టికెల్లు. పులుసు వేడి సేసుకుని తిను బావా."

"అలాగే. చెల్లెమ్మకి చెప్పు."

సైకిలు చీకట్లో మలుపు తిరిగింది. అతను అక్కడే కాసేపు నుంచున్నాడు. డిసెంబరు పద్ధెనిమిదికి ఇంకా నాలుగు వారాలు. భయం పోలేదు. ఆరో కాలంలో రాసిన ఒక్కరు అన్న మాట ఛాతీలో చల్లగా, బరువుగా కూర్చుని ఉంది. ఓడ మీద ఎవరైనా వచ్చి మాట కలిపితే ఏ ఊరండీ మీది అని అడగాలి. అతను ఆ మాటని పెదాల మధ్య ఒకసారి అనుకుని చూశాడు. తన గొంతే కొత్తగా వినిపించింది. మళ్ళీ అన్నాడు, ఇంకొంచెం పైకి.

పక్క వాటాలో అప్పటిదాకా ఏడ్చిన పసిపిల్ల నిద్రపోయినట్టుంది, తల్లి జోకొడుతున్న చప్పుడు కూడా ఆగిపోయింది. సుందర్ రాజ్ లోపలికి వచ్చి, తలుపుని రెండు చేతులతో కాస్త పైకి ఎత్తి పట్టుకుని, కీలు కిర్రుమనకుండా మెల్లగా మూసి గడియ పెట్టాడు.