మరక పడని చొక్కాలు

నా మనవరాలు మిషను ముందు నిలబడి స్విచ్చు ఎక్కడుందో తెలియక తడుముకోవడం నేను కళ్ళారా చూశాను. ఫ్యాక్టరీ గేటు లోపల, మిట్టమధ్యాహ్నం, అంత జనం ముందు. సర్కారు శిక్షణ బడిలో లేతు పని నేర్చుకుని, అందరికంటే ముందు పాసయిన పిల్ల అది. ఉద్యోగం కావాలంటే ఇనుప కడ్డీని మిషనుకు బిగించి నున్నగా చెక్కి చూపించమన్నారు. దాని చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

కాంట్రాక్టరు పళ్ళికిలించాడు. "ఏమ్మా, చొక్కా మల్లెపువ్వులా ఉందే! మీ బడిలో మిషన్లకు దణ్ణం పెట్టుకుని వచ్చేస్తారా? ఊడ్చే పనుంది, వస్తావా?"

జనం కూడా నవ్వారు. వాళ్ళెవరో పరాయివాళ్ళు కాదు, మనలాంటివాళ్ళే. ఒక పిల్ల ఓడిపోతే తమ పిల్లలకో చోటు మిగులుతుందని నవ్వారు. కాంట్రాక్టరు మాట కంటే ఆ నవ్వే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

తర్వాత నా తోడికోడలి మనవణ్ణి పిలిచారు. వాడు ఫ్యాక్టరీ యజమాని పెట్టిన ప్రైవేటు బడిలో చదివాడు. చెవి కమ్మలు అమ్మి చదివించింది మహాతల్లి. వాడు చెయ్యి వెయ్యగానే మిషను గుర్రుమంది. కడ్డీ మీంచి రజను మెరుస్తూ రాలింది. ఉద్యోగం వాడిదైంది.

అబద్ధమెందుకు, నా కడుపు భగ్గుమంది. మా ఇద్దరి ఇళ్ళకూ ఒకటే వాకిలి, ఒకటే దండెం. మర్నాటి నుంచి ఆ దండెం మీద వాడి చొక్కా వెలిసింది. మరకలున్న వైపు మా గుమ్మంకేసి తిప్పి మరీ ఆరేసేది నా తోడికోడలు.

"ఈ నూనె మరకలు ఎంత రుద్దినా పోవట్లేదక్కా. నీకేం, మీ పిల్ల చొక్కాకు సబ్బే అక్కర్లేదు!"

"అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట వెనకటికి ఒకడు. నీకు పట్టపగలే పట్టాలే!"

మాటా మాటా పెరిగింది. చొక్కా ఒక చెయ్యి దాని చేతిలో, ఇంకో చెయ్యి నా చేతిలో. పర్రుమంది. సరిగ్గా అప్పుడే డ్యూటీ దిగి వాడొచ్చాడు.

"నా చొక్కా కోసం కొట్టుకుంటున్నారా?" అని అరుగు మీద కూలబడ్డాడు. "లోపల నా బతుకేంటో తెలుసా పెద్ద నాయనమ్మా? రెండో షిఫ్టు చెయ్యలేనంటే చాలు, కాంట్రాక్టరు గేటు వైపు వేలు చూపిస్తాడు. 'బయట బోలెడంత మంది ఉన్నారు, పిలవమంటావా?' అంటాడు. మీరు మమ్మల్ని చూసి ఏడుస్తారు. మేం మిమ్మల్ని చూసి వణుకుతాం. మధ్యలో వాడు హాయిగా ఉన్నాడు."

తర్వాత గుమ్మంలో ఉన్న నా మనవరాలి వైపు తిరిగాడు. "మీ బడిలో మిషన్లే లేవా?"

"ఎందుకు లేవన్నయ్యా, వరసగా ఉన్నాయి. ముసుగులేసి. పాడైతే జవాబుదారీ ఎవరని ముట్టుకోనివ్వరు. మాస్టారు బోర్డు మీద బొమ్మ గీసి, 'ఇప్పుడిది తిరుగుతోందనుకోండి' అంటారు. ఇన్‌స్పెక్షన్ రోజు ముసుగులు తీసి, ఉతికిన చొక్కాలతో మమ్మల్ని నిలబెట్టి ఫోటో తీస్తారు. మళ్ళీ కప్పేస్తారు. బొమ్మ ఎప్పుడూ ముందు వైపే గీసేవారు. స్విచ్చు వెనక ఉంటుందని నాకేం తెలుసు?"

"మీ బడి కమిటీకి పెద్ద ఎవరు?"

"మీ యజమానే."

నా తోడికోడలు చేతిలోని చొక్కా ముక్క వదిలేసింది. "ఓరి వీడి దుంప తెగ! మీ బడిలో మిషన్లు తిరిగితే, ఆ యజమాని బడి కోసం నేను కమ్మలెందుకు అమ్ముకుంటాను?"

ఆ సాయంత్రమే మా వాకిట్లో మీటింగు. సర్కారు బడికెళ్ళి మిషన్లు తిప్పించాలని పిల్లల ఇళ్ళవాళ్ళం, ఫ్యాక్టరీ కార్మికులూ చేరాం. మూటలు మోసే హమాలీ లేచాడు, అతని కొడుకు నా మనవరాలితోపాటే చదివాడు.

"ఈ ఫ్యాక్టరీవాళ్ళు మన కోసం వస్తారా? మన పిల్లలకు పనొస్తే వీళ్ళ చోటుకే కదా ఎసరు!"

"పని రాకపోయినా ఎసరే మామా," అన్నాడు మా వాడు. "నాకిది తప్ప గతి లేదనే కదా యజమాని నా మెడ మీద కూర్చున్నాడు? ఊరినిండా పనొచ్చిన చేతులుంటే ఇంకో నాలుగు ఫ్యాక్టరీ షెడ్లు లేస్తాయి, మనం అక్కడికీ పోవచ్చు. వాడి భయమే అది."

హమాలీ తల గోక్కున్నాడు. "పిల్లలకు చదువు చెప్పమంటే చదువు బొమ్మ చూపిస్తున్నారన్నమాట. ఎప్పుడు వెళ్దాం?"

ఇన్‌స్పెక్షన్ రోజే వెళ్ళాం. పెద్దాఫీసరు, పక్కన యజమాని. ముసుగులు తీశారు. చదివే పిల్లలతోపాటు పాసయిన మా పిల్లలూ వరసలో కలిసి మిషన్ల మీద చేతులు పెట్టారు. ఫోటో అయింది.

"ఇక చేతులు తియ్యండి," అన్నాడు యజమాని.

"తియ్యం. కరెంటివ్వండి," అంది నా మనవరాలు.

ఒక్క చెయ్యీ కదల్లేదు. మేం ఆడవాళ్ళం గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాం. డ్యూటీ దిగిన కార్మికులు నూనె చొక్కాలతోనే లోపలికి వచ్చి, పిల్లల పక్కన మిషనుకొకరు నిలబడ్డారు. "మీ అంతు చూస్తా!" అని యజమాని గొంతు చించుకున్నాడు. మాస్టారు ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళి మెయిన్ స్విచ్చు వేశారు. బొమ్మలు గీసీ గీసీ ఆయనకూ విసుగు పుట్టింది కాబోలు.

షెడ్డంతా ఒక్కసారి గుర్రుమంది. నా మనవరాలి మొదటి కోత వంకర పోయింది. "చెయ్యి బిగపట్టకు," అన్నాడు పక్కన నిలబడ్డ వాళ్ళన్నయ్య. రెండోది తిన్నగా వచ్చింది. రజను రాలింది. నూనె చింది దాని తెల్ల చొక్కా పాడైంది. నా జన్మలో అంత అందమైన మరక చూడలేదు.

పోలీసు వ్యాను వచ్చింది. ముందుగా నా మనవరాలినే ఎక్కించారు. నా తోడికోడలు కొంగు దోపి అడ్డం పడింది.

"ఏం నాయనా, దాన్నే ముందు ఎక్కిస్తావేం? నేర్పింది మావాడు! మావాడేం తక్కువ చేశాడు?"

జనం గొల్లుమన్నారు. ఈసారి ఆ నవ్వులో ముల్లు లేదు. వాణ్ణీ ఎక్కించారు. వాడి ఉద్యోగం పోయింది. షెడ్డుకు తాళం పడింది. కానీ మిషన్ల ముసుగులన్నీ నా తోడికోడలు మడిచి చంకన పెట్టుకొచ్చేసింది. ఇప్పుడు మీటింగుకు అవే పరుచుకుని కూర్చుంటున్నాం.

పిల్లలిద్దరూ ఇంకా జైల్లోనే ఉన్నారు. బట్టలివ్వడానికి వెళ్తే నా మనవరాలు విడిచిన చొక్కా ఇచ్చింది. నేనది ఉతకలేదు. దండెం మీద, మరక వీధిలోకి కనబడేలా వేశాను. నిన్న పక్క ఊరి ఆడవాళ్ళు వచ్చి దాని ముందు ఆగిపోయారు.

"మీ బడిలో మిషన్లు తిరిగాయటగా? మా బడిలోనూ ఉన్నాయి, ముసుగులేసి. మా పిల్లలేం పాపం చేశారమ్మా?"

వాళ్ళ కళ్ళలో మంట చూశాను. నాకు కొత్తది కాదు ఆ మంట.

"కుళ్ళుకోండి తల్లీ, కడుపారా కుళ్ళుకోండి," అన్నాను. "కానీ దాన్ని ఈ దండెం దగ్గరే ఆర్చేసుకోకండి. మీ బడికి ఇన్‌స్పెక్షన్ ఎప్పుడో కనుక్కుని రండి. మేమూ వస్తాం."