ఆరని లక్క

"మీలో ఎవరికైనా కోపంతో కాఫీ కాచడం వచ్చునా?" అని అడిగింది అమ్మమ్మ.

మలేసియాలోని క్లాంగ్‌లో ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇస్త్రీపెట్టె చల్లారిపోయింది. బల్ల మీద మనవల బడి చొక్కాలు ఐదు, నలిగినవి నలిగినట్టే ఉన్నాయి. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన రత్నావతి టీచరు చేతులు కట్టుకుని కూర్చుందంటే, ఇక పాఠమేనని పిల్లలకు తెలుసు.

"రాదు లా, అమ్మమ్మా," అన్నాడు మనవడు తాతబాబు, అక్కడి అలవాటు ప్రకారం మాట చివర ‘లా’ తగిలిస్తూ. "నాకు కోపమొస్తే అమ్మ కొడతాది, అంతే."

"అయితే కూర్చో. సెప్తాను."

అప్పుడు రత్నావతికి పంతొమ్మిదేళ్ళు. కమ్యూనిస్టులను అణచడానికి తెల్లదొరలు మలయాలో పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. కువాలా సెలంగోర్ వైపు రబ్బరు తోటలో కూలీల ఇళ్ళ లైన్ల చుట్టూ ముళ్ళకంచె వేశారు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకు గుప్పెడు బియ్యం కూడా అందకూడదని, గేటు దగ్గర ఆడవాళ్ళ కొంగులు విప్పించి చూసేవాళ్ళు. పుల్లలు ఏరుకోవడానికి కూడా కంచె దాటనిచ్చేవాళ్ళు కాదు. అందుకని పొద్దున్నే ఆడవాళ్ళంతా కెటిళ్ళు, బిందెలు పట్టుకుని రత్నావతి గుమ్మం ముందు వరస కట్టేవాళ్ళు. ఆ పిల్ల కెటిల్‌కి రెండు అరచేతులూ ఆనించి గేటు వైపు చూసేది. ఐదు నిమిషాల్లో నీళ్ళు కాగేవి.

"ఇంకాస్త కోప్పడమ్మా, ఇవి అన్నానికి," అనేది పక్కింటి కమలం.

"పిన్నీ, నిన్న నీ కొంగు విప్పినోడు గుర్తున్నాడా?"

"ఎందుకు గుర్తునేడు, ఆడి సేతులు పడిపోను!"

"అదిగో, మరిగిపోయినాయి. పట్టుకుపో."

నాన్నను తీసుకుపోక ముందు ఆ చేతుల్లో నీళ్ళు గోరువెచ్చన దాటేవి కావు.

నాన్న రామదాసు తోట ఆఫీసులో గుమాస్తా. సాయంత్రాలు వరండాలో పిల్లలను కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించేవాడు. సోదాకి వచ్చిన పోలీసులకు ఆ కాపీ పుస్తకాలు దొరికాయి. తెల్ల లెఫ్టినెంటు దొర దుబాసీ సెల్లప్పన్ వైపు చూశాడు. సెల్లప్పన్‌కు వచ్చింది తమిళం, ఇంగ్లీషు. "ఇది నాకు తెలిసిన రాత కాదు దొరా," అన్నాడు. ఆ మాట నిజమే. కానీ అవి ఆ ఇంటి అక్షరాలని అతనికి తెలుసు. ఆ వరండాలోనే కాఫీ తాగి, పిల్లలు దిద్దుతుంటే చూసినవాడు. ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. దొర ‘రహస్య లిపి’ అని రాసుకున్నాడు. ‘అ అమ్మ, ఆ ఆవు’ రాయించినందుకు రామదాసును, కూతుర్ని అతని బడికి పంపినందుకు కమలం మొగుడు మునుసామిని ఒకే లారీ ఎక్కించారు. నాలుగు నెలల్లో ఓడెక్కించి ఇండియా పంపేస్తామన్నారు. రామదాసు పుట్టింది ఆ తోటలోనే. ఇండియాలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాడు ఒక్కడు లేడు.

రత్నావతికి ఇంగ్లీషు అంతంతమాత్రం. స్టేషనుకి వెళ్ళి తమిళంలో పది మాటలు చెబితే, సెల్లప్పన్ ఒక్క ముక్కలో తేల్చేసేవాడు: "క్షమించమంటోంది దొరా."

"నేను క్షమించమన్నానా?" అని అరిచింది రత్నావతి. బల్ల మీద దొర టీ బుసబుస పొంగింది. దొర కప్పు పక్కకు జరుపుకున్నాడు.

క్లాంగ్ కాన్వెంటులో బట్టలు ఉడకబెట్టే పనికి ఆమె బస్సులో వెళ్ళేది. అక్కడ వంటింట్లో డెబ్బై దాటిన ఐరిష్ సిస్టర్ ఒకామె ఉండేది. పేరు గొబ్నిత్. పనివాళ్ళకు ఆ పేరు నోరు తిరగక గొబ్బెమ్మ అనేవాళ్ళు. కట్టెల్లేకుండా కాగు కాగడం చూసి, "సబ్బు తక్కువ వెయ్యి," అని మాత్రం అంది సిస్టర్. సంగతంతా విన్నాక, బజారులో అందరూ మాట్లాడే మలయ్‌లో చెప్పింది:

"ఆ దొరది మా ఊరి వైపే. దాచుకుంటాడు గానీ, అతని భాష ఐరిష్. ఇంగ్లీషులో చెబితే మధ్యలో దుబాసీ నిలబడతాడు. ఇందులో చెబితే ఎవడూ నిలబడలేడు. నేర్చుకుంటావా?"

"నేర్చుకుంటాను."

"చిన్నప్పుడు బడిలో ఈ భాష మాట్లాడిన ప్రతిసారీ నా మెడలో వేలాడదీసిన కర్రకి ఒక గాటు పెట్టేవాళ్ళు. సాయంత్రం ఎన్ని గాట్లుంటే అన్ని దెబ్బలు. ఊఁ, అను: డీయ గిచ్. దేవుడు నీకు తోడు."

"డీయ గిచ్."

"కాదు. గొంతులో చేపముల్లు అడ్డం పడితే వెనక్కి తెస్తావే, ఆ చప్పుడు రావాలి."

క్రియలు అంతకన్నా మొండివి. వచ్చాను, వస్తుంటాను, వస్తాను: హానిగ్ మే, తగిమ్, త్యుకి మే. ఒకే క్రియ మూడు ముఖాలు పెట్టేది. ఒక్కటి మాత్రం రత్నావతికి ఇట్టే పట్టుబడింది. ‘వచ్చావా’ అంటే ‘అవును’ అనే మాట అందులో లేదట. ‘వచ్చాను’ అనాలి, మనింట్లో అన్నట్టే. నేర్చినవన్నీ చాకలిగది గోడ మీద బొగ్గుతో తెలుగు అక్షరాల్లో రాసుకునేది. నాన్నను జైల్లో వేయించిన ఆ అక్షరాల్లోనే.

ఇబ్బంది ఒక్కటే. ఆ మెత్తని పలకరింపులు నోట్లోకి రాగానే చేతులు చల్లబడేవి. దుప్పట్లు ఉడక్కుండా తేలేవి.

"మర్యాద నోట్లో ఉంచు, మంట చేతుల్లో ఉంచు," అంది సిస్టర్. అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టిన పాఠం అదే.

ఓడ రోజు వచ్చింది. పంపేసే మనిషికో కాగితాల కవరు, ఇరవై కవర్లు. ఒక్కోదాని మీద ఎర్రలక్క కరిగించి పోసి, ఇత్తడి ముద్ర వెయ్యాలి. ముద్ర లేని మనిషిని ఓడలో ఎక్కించుకోరు. పన్నెండింటికి లారీ రేవుకి వెళ్ళిపోతుంది. రత్నావతి చేరేసరికి పంతొమ్మిది అయిపోయాయి. చివరిది రామదాసుది. ఆమె దొర బల్ల మీద రెండు చేతులూ ఆనించింది.

"డీయ గిచ్."

దొర చెయ్యి ఆగింది. అతని ప్రమేయం లేకుండానే నోరు జవాబిచ్చింది: "డీయ స్ ముర్యె గిచ్." దేవుడూ మరియమ్మా నీకు తోడు.

"ఏమంటోంది దొరా?" అన్నాడు సెల్లప్పన్.

"నువ్వు బయట కూర్చో."

మీ ఊళ్ళో ఇప్పుడు వాన పడుతోందా, ఇంటి ముందు బావి ఉందా, అమ్మ బాగుందా అని అడిగింది రత్నావతి, వరసగా, పాఠం అప్పజెప్పినట్టు. దొర జవాబు చెబుతూనే లక్క పోసి ముద్ర నొక్కాడు. లక్క పాకంలా జారిపోయింది. తుడిచి మళ్ళీ పోశాడు. మళ్ళీ జారింది.

"అమ్మ పోయింది," అన్నాడు.

రత్నావతికి జాలేసింది. లక్క మీద పలచగా మీగడ కట్టడం ఆమె కంటబడింది. అరచేతులు బల్లకేసి ఇంకా గట్టిగా నొక్కింది.

"నాకు ఏడేళ్ళప్పుడు మా నాన్ననూ లారీలో ఎత్తుకుపోయారు," అన్నాడు దొర, కవరు వైపే చూస్తూ. "ఇంగ్లీషు సైనికులు. అమ్మ ఈ భాషలోనే బతిమాలింది. వాళ్ళకు అర్థం కాలేదు. నవ్వారు."

ఆమె జవాబు సిస్టర్ నేర్పిన పాఠాల్లో లేదు. నేర్చిన క్రియల్ని తనే ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంది.

"నువ్వు చూశావు. నీకు తెలుసు. తెలిసి కూడా చేస్తున్నావు."

లక్క కుతకుత ఉడికింది. దొర ముద్ర వదిలేసి వేళ్ళు ఊదుకున్నాడు. బయట లారీ హారను మోగింది. పోలీసు వచ్చి పంతొమ్మిది కవర్లు తీసుకున్నాడు.

"ఇది?"

"ముద్ర పడలేదు. వచ్చే ఓడకి," అన్నాడు దొర. మళ్ళీ ఆమె వైపు చూడలేదు.

వచ్చే ఓడ రోజునా ఆమె వెళ్ళింది. ఆ తర్వాతి ఓడకీ వెళ్ళింది. వచ్చావా? వచ్చాను. లక్క ఆరలేదు. ఆ దొరకు బదిలీ అయ్యాక కొత్త దొర ఫైలు తెరిస్తే, ముద్ర లేని కాగితం, పిల్లల కాపీ పుస్తకాలు తప్ప ఇంకేమీ లేవు. రామదాసును ఇంటికి పంపేశాడు. మెర్డెకా నాడు, అంటే మలయాకి స్వాతంత్ర్యం వచ్చిన రోజున, రామదాసు అదే వరండాలో పిల్లలచేత ‘మెర్డెకా’ అని తెలుగులో దిద్దించాడు.

"అయితే అందరికీ మంచే జరిగింది లా!" అన్నాడు తాతబాబు.

"నేదు," అంది అమ్మమ్మ. "నా సేతులు ఒక్క కవరు దాకానే అందినాయి. మునుసామి బాబాయి ఆ ఓడ ఎక్కేసినాడు. మరి ఉత్తరం ముక్క రానేదు. మర్నాడు పొద్దున్న కమలం పిన్ని మా గుమ్మంలోకి రానేదు. ఆమె కెటిల్ ఆమె ఒళ్ళోనే మరిగింది."

తాతబాబు ఆమె చేతుల వైపు చూశాడు.

"నీకు ఇంకా కోపం ఉందా, అమ్మమ్మా?"

"రేపు మీకు బడి ఉందా నేదా?" అంటూ ఆమె లేచింది. కరెంటు ఇంకా రాలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి మొదటి చొక్కా పరిచింది, నాలుగు నీటిచుక్కలు చల్లింది, దాని మీద అరచెయ్యి ఆనించింది. చొక్కా చుయ్యిమంది.