ఫౌజును ఆపిన తోపు

పురస్కారాల జడ్జి శ్రీవాణి కారు రాళ్లచెల్క మలుపు తిరగగానే పక్క సీట్లో ఉన్న యోహాను తల దించుకున్నాడు.

ఊరి మొదట్లోనే ఫ్లెక్సీ. ఒక పక్క యోహాను ఫొటో, ఇంకో పక్క పొగలు కక్కుతున్న ఫిరంగి. మధ్యలో, ‘జాతీయ చరిత్ర పురస్కారం అందుకోనున్న మా తోపు యోహాను సార్‌కు శుభాకాంక్షలు.’

పురస్కారం ఇంకా రాలేదు. చివరి పోటీలో రెండు పుస్తకాలు మిగిలాయి, అందులో అతనిదొకటి, అంతే. దాని ఆధారాలు సరిచూడటానికే జడ్జి వచ్చింది. ఏళ్లుగా కల్వకుర్తి కాలేజీలో చరిత్ర చెబుతున్న యోహానును చూసి అటెండర్ మారయ్య ఒక్కనాడూ స్టూలు మీంచి లేవలేదు. ఈ పురస్కారం వస్తే లేచి తీరతాడు!

పుస్తకానికి ప్రాణం మూడో అధ్యాయం. నవాబు ఫౌజును రాళ్లచెల్క ఒకే ఒక్క ఫిరంగితో ఎలా నిలిపేసిందో రోమాలు నిక్కబొడుచుకునేలా రాశాడు. ఆధారం అతని అవ్వ ఈదమ్మ. “ఫౌజును ఏం ఆపింది అవ్వా?” అని అడిగితే “తోపు ఆపింది బిడ్డా” అంది. తోపంటే ఉర్దూలో ఫిరంగి. ఇంకేం అడగాలి?

శ్రీవాణి ఈదమ్మ ఎదురుగా కూర్చుని ఫోన్‌లో రికార్డింగ్ నొక్కింది.

“తోపు ఎక్కడుండేదమ్మా?”

“వాగు ఒడ్డుకు. మా ముత్తవ్వోళ్లు పొద్దుమాపు నీళ్లు పోసేటోళ్లట.”

“వేడెక్కకుండా!” శ్రీవాణి మెచ్చుకోలుగా తలూపింది. యోహాను కూడా ఊపాడు.

“ఎండకాలం వస్తే మస్తు కాసేదట.”

యోహాను తల ఊపడం ఆపాడు.

“గుండ్లు ఎంతెంత ఉండేవి?”

“గుండ్ల లెక్కనే, పిడికెడంత. ఉప్పుకారం అద్దుకొని తినేటోళ్లు.”

శ్రీవాణి కళ్లజోడు తీసింది. యోహాను ముందుకు వంగాడు. అవ్వకు మతి తప్పిందని ఒక్క మాట అంటే చాలు, ఫిరంగి బతుకుతుంది, పురస్కారమూ బతుకుతుంది.

“మేడమ్, అవ్వకు...”

“అవ్వకేందిరా?” ఈదమ్మ కళ్లు ఉరిమింది.

“అవ్వకు... అన్నీ యాదికున్నయి మేడమ్.” నీరసంగా అవ్వ వైపు తిరిగాడు. “గది ఏం తోపే అవ్వా?”

“మామిడి తోపు! ఇంకేం తోపుంటదిరా సదువుకున్నోడా? ఫౌజోళ్లు ఆకలికి పచ్చికాయలు బస్తాలకు బస్తాలు నమిలిండ్రు. తెల్లారి ఒక్కొక్కడు చెంబు వట్టుకొని వాగు దిక్కు ఉరుకుడే ఉరుకుడు. కత్తి వట్టేతందుకు చెయ్యేడ ఖాళీ?”

“మరి ఆ తోపేమైంది?” నవ్వు ఆపుకోలేక మంచంకోడు పట్టుకుంది శ్రీవాణి.

“తర్వాత మనోళ్లే నరికి పొయ్యిల వెట్టిండ్రు.”

కారెక్కుతూ ఆమె అంది: “ఈసారి ఆ రెండో పుస్తకానికే ఇవ్వక తప్పదు సార్. మూడో అధ్యాయం మాత్రం మళ్లీ రాయండి. ఈ యుద్ధమే బాగుంది.”

సాయంత్రం ఫ్లెక్సీ కట్టిన సైదులు వచ్చాడు.

“ఫికర్ చెయ్యకుండ్రి సార్. పురస్కారం మీద సున్నం గొట్టిన, ఫిరంగి మీద మామిడికాయ అతికిచ్చిన. ‘మా తోపు’ అన్నదాన్ని ముట్టలే. అది కరెక్టే ఉన్నది గద?”

మర్నాడు కాలేజీ గేటు దగ్గర మారయ్య మొట్టమొదటిసారి స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

“నమస్తే తోపు సార్! తొక్కు వెట్టాలె, నాలుగు కాయలు దొరుకుతయా?”